వదిన, రాజుగారి పతకం

ఇవాళ పొద్దున మా వారు బాల్కనీలో టీ తాగుతూ ఫోన్‌లో వార్తలు చదువుకుంటున్నారు. డిసెంబరు ఆఖరు. మస్కట్‌లో మేముండే అల్ ఖువైర్‌లో ఏడాది మొత్తం మీద బాల్కనీలో కూర్చోగలిగేది ఈ రెండు మూడు నెలలే కాబట్టి, ఈ రోజుల్లో ఇంట్లో కూర్చుని టీ తాగడం మాకు తప్పు చేసినట్టుగా ఉంటుంది. ఎదురుగా బోడికొండలు, వాటి కింద బారులు తీరిన కార్లు, కింది ఫ్లాట్‌లో మలయాళీల ఇంటి నుంచి ఆవిరి మీద ఉడుకుతున్న పుట్టు వాసన. మా వారు ఉన్నట్టుండి ఫోన్‌ కిందకి దించి, "బ్రిటన్‌లో కొత్త సంవత్సరం బిరుదులు ప్రకటించారు. ఎవరో నటుడికి సర్ ఇచ్చారు. ఇంకా ఇవి ఎవరికి కావాలంటావు?" అన్నారు. ఆ ప్రశ్న అడిగిన మనిషికి మా ఇంటి బీరువాలో ఒక అర నిండా సన్మానాల శాలువాలు ఉన్నాయి. ఎండాకాలం నలభై అయిదు డిగ్రీలు దాటే ఈ మస్కట్‌లో, తెలుగువాళ్లం ఒకరికొకరం కప్పుకున్న ఉన్ని శాలువాలు. వాటిని ఏం చేయాలో తెలియక నేను ఏటా ఎండలో ఆరబెట్టి, మళ్లీ మడిచి లోపల పెడుతుంటాను. ఆయన అడిగినది మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకంటే అదే ప్రశ్న రెండు చలికాలాల కిందట ఇదే ఇంట్లో మా వదినను నిద్రపోనివ్వలేదు.

వదిన అంటే మా వారి అక్క. వయసు డెబ్బైకి దగ్గర. కరీంనగర్ దగ్గర పల్లెలో పుట్టి, హైదరాబాదులో నర్సు చదువు చదివి, పెళ్లయ్యాక భర్తతో పాటు ఇంగ్లండు ఉత్తరాన ఒక మిల్లుల ఊరికి వెళ్లి, అక్కడి ఆసుపత్రిలో పురుళ్ల వార్డులో రిటైరయ్యేదాకా పనిచేసింది. ఆమె భర్తను నేను అన్నయ్యగారు అనేదాన్ని. ఆయన ఆ ఊళ్లో బస్సు నడిపేవారు. యూనియన్ మనిషి. ఆయన పోయాక వదిన చలికాలాలు మా దగ్గరే గడుపుతోంది, ఈసారి ఇంకా రాలేదు గానీ. అక్కడి మంచు కీళ్లల్లోకి దిగుతోందని ఆవిడ చెప్పే కారణం. ఖాళీ ఇంట్లో తనతో తను మాట్లాడుకోవడం ఎక్కువైందని మాకు తెలిసిన కారణం. మా దగ్గరికి వచ్చాక కూడా ఆ మాటలు ఆగలేదు. వంకాయలు తరుగుతూ తరుగుతూ, "నీకేం, నువ్వట్లనే అంటవ్" అని గోడ వైపు చూసి విసుక్కునేది. పోయిన మనిషితో ఆవిడ ఇంకా కాపురం చేస్తూనే ఉందనిపించేది నాకు. మనిషి పొట్టి, నడక చురుకు, గొంతు వార్డు మొత్తం వినపడేటంత. పిల్లల్ని కనేవాళ్లతో మాట్లాడి మాట్లాడి, ఆవిడకు ఎవరితో మాట్లాడినా గట్టిగా, ధైర్యం చెబుతున్నట్టుగా మాట్లాడటం అలవాటైపోయింది. పాలప్యాకెట్ వేసే కుర్రాడితో సైతం "ఏం గాదు, నిదానంగ పెట్టు" అనేది.

ఆ నవంబరులో ఒక మధ్యాహ్నం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వదిన సోఫాలో నిటారుగా కూర్చుని ఉంది. టీవీ ఆపేసి ఉంది. నేనింకా హ్యాండ్‌బ్యాగు కింద పెట్టకముందే, "ఏమే, నీకో ముచ్చట చెప్త. ఎవ్వలకు చెప్పద్దు. మా తమ్మునికి సుత చెప్పద్దు" అంది. ఏదో జబ్బు బయటపడిందనుకున్నాను. ఆవిడ తన ఫోన్ నా చేతికిచ్చింది. లండన్ నుంచి వచ్చిన ఈమెయిల్. పురుళ్ల సేవకూ, ఆ ఊరి ఆడవాళ్లకు చేసిన సహాయానికీ గాను రాజుగారి పేరున ఎం.బి.ఇ. ఇవ్వాలనుకుంటున్నామని, తీసుకుంటారో లేదో చెప్పమని, ప్రకటించేదాకా ఎవరికీ చెప్పవద్దని. ఎం.బి.ఇ. అంటే 'సర్' లాగా పేరు ముందు తగిలించుకునేది కాదు. పేరు వెనక మూడక్షరాలు, ఒక పతకం. నాకు సంతోషంతో కళ్లు తిరిగాయి. ఆవిడకు కాదు. "ఆ మూడక్షరాలల్ల చివరిది చూసినవా? ఎంపైర్. సామ్రాజ్యం. ఏడున్నదే సామ్రాజ్యం?" అంది. అని, గోడ వైపు తిరిగి, "నవ్వకు" అని అన్నయ్యగారిని కసిరింది.

అన్నయ్యగారు నవ్వేవారే, సందేహం లేదు. నేను ఎరిగిన మనుషుల్లో బిరుదులంటే అంత మంట ఉన్న మనిషి ఇంకొకరు లేరు. ఇది నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. మా పుట్టిల్లు కృష్ణా జిల్లా. మా వైపు దొర అంటే తెల్లవాడే. కలెక్టరు దొర, ఇంజనీరు దొర. మా తాతల నాడు ఆ దొరలిచ్చిన రావుబహదూర్ బిరుదు ఉన్న ఒకాయన మా వీధిలోనే ఉండేవారట. బిరుదును గుమ్మం పైన రాతిలో చెక్కించుకున్నారట. స్వాతంత్ర్యం వచ్చాక ఆ అక్షరాల మీద సున్నం కొట్టించారు. కానీ వానాకాలం రాగానే సున్నం కరిగి రావుబహదూర్ మళ్లీ బయటికి వచ్చేది. దసరాకి మళ్లీ సున్నం. ఆ ఇంటివాళ్లకు దాన్ని తీసేయాలనీ లేదు, ఉంచుకోవాలనీ లేదని మా అమ్మమ్మ నవ్వేది. మాకు దొరతనం అంటే అంతే, ఒక సున్నం ఖర్చు. మా అత్తింటి వైపు అలా కాదు. అక్కడ దొర అంటే ఊరి దొర, గడీలో ఉండే దొర. అన్నయ్యగారి తండ్రి ఆ గడీ ముందు నుంచి నడిచి వెళ్లాల్సి వస్తే చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని, నడుము వంచి వెళ్లేవాడట. చిన్నప్పుడు తండ్రి వెనక అలా నడిచిన మనిషి అన్నయ్యగారు. ఇంగ్లండులో ఏటా బిరుదుల జాబితా పేపర్లో రాగానే ఆయన దాన్ని గట్టిగా చదివి, "ఇంతమంది దొరలు పుట్టిన్రు చూడు, ఒక్క పూటల. నీకు సుత పురుడు వొయ్యరాదు ఇంతమందికి" అని వదినను ఆటపట్టించేవారట. అలాంటి మనిషి భార్యకు ఇప్పుడు ఇది వచ్చింది. ఆయన లేరు కాబట్టి ఆయనతో వాదించుకునే వీలు కూడా లేదు.

ఆ రెండు మూడు వారాలు మా వదిన ఒక వింత పని చేసింది. ఎవరికీ చెప్పకూడదు కదా, అందుకని "నాకు ఎరికైన ఒకామెకు" అంటూ కనబడిన ప్రతి మనిషినీ అడగడం మొదలుపెట్టింది. మమ్మల్ని ఎప్పుడూ తిప్పే టాక్సీ భాయ్‌ది కడప. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట సీమ తెలుగు. కారు రౌండెబౌట్ దగ్గర ఆగినప్పుడు వదిన అతన్ని అడిగింది, రాజు పిలిచి నీకు సర్ అని బిరుదిస్తే తీసుకుంటావా అని. భాయ్ అద్దంలోంచి చూసి, "యేమ్మా, పొద్దున లేసినకాడి నుంచి నేనే అందరినీ సార్ అంటాండా. కారెక్కినోడు సారే, పోలీసు సారే, కఫీల్ సారే. నన్నొకడు సార్ అంటే యెట్లుంటాదో సూడాలని ఉంది గానీ, నవ్వొస్తాదేమో" అన్నాడు. కఫీల్ అంటే ఇక్కడ మనకు వీసా ఇప్పించే యజమాని. నిజమే, ఈ ఊళ్లో సార్ అనిపించుకోవడానికి రాజుగారు అక్కర్లేదు. మా ఆఫీసులో ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రాడు అలవాటుకొద్దీ నన్ను కూడా సార్ అన్నాడు. భాయ్ మాటకు వదిన పకపకా నవ్వింది గానీ, ఆ జవాబు ఆమెకు సరిపోలేదు.

ఒక శుక్రవారం మేమిద్దరం బర్కా వెళ్లాం. అక్కడ ఒక ఒమానీ పెద్దమనిషి ఖర్జూరపు తోటలో వదిన పుట్టిన ఊరికి దగ్గరి వాళ్లు కొందరు పనిచేస్తున్నారు. ఆవిడ వచ్చినప్పుడల్లా వాళ్లకు మామిడికాయ తొక్కు, సకినాలు పట్టుకెళ్లేది. వాళ్లలో పెద్దవాడికి అరవై దాటాయి. వదినను అక్కా అని పిలుస్తాడు. మోటారు షెడ్డు నీడలో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, ఒంటెపాల టీ పెడితే మాకు నచ్చదని మేకపాల టీ పెట్టి ఇచ్చాడు. దానికి దీనికి తేడా నాకు ఈనాటికీ తెలియదు. వదిన అతన్ని కూడా అడిగింది.

"రాజు ఇస్తడా? ఏమిస్తడక్కా?" అన్నాడతను.

"పతకం. ఎండిది."

"జీతం గిట్ల పెరుగుతదా?"

"పెరగది."

"ఎయిర్‌పోర్టుల లైను నిలవడకుంట పోవచ్చునా?"

"పోరాదు."

"మరెందుకక్కా?"

వదిన మాట మార్చడానికన్నట్టు, ఇంకా పెద్ద బిరుదులు కూడా ఉన్నాయని, మగవాళ్లకైతే సర్ అనీ ఆడవాళ్లకైతే డేమ్ అనీ పేరు ముందు పెడతారని చెప్పింది. డేమ్ అంటే ఏమిటని అతనడిగాడు. వదిన, "దొరసాని అన్నట్టు" అంది. అతని మొహం మీద నవ్వు పోయింది. గ్లాసు కింద పెట్టాడు. "ఆ ఎరుకైనామె నువ్వేనా ఏందక్కా?" అన్నాడు. జవాబు కోసం ఆగకుండానే, "నువ్వయితే మాత్రం, దొరసాని అని పిలువుమనకు. అక్క అన్న నోటితోని ఆ మాట నాకు రాది" అన్నాడు. వదిన గబగబా, అది దొరసాని బిరుదు కాదురా, చిన్నది, ఉత్త పతకమే అని చెప్పబోయి ఆగిపోయింది. చెబితే గుట్టు బయటపడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు, కారు సీబ్ దాటి అల్ హైల్ దగ్గరికి వచ్చాక, "వద్దని రాసేస్త. ఎవ్వలకు తెల్వది కద. తీసుకుంటే లోకమంత తెలుస్తది, వద్దంటే గాలికి సుత తెల్వది" అంది. నాకు లోపల మాత్రం ఆవిడ తీసుకుంటే బాగుండుననే ఉంది. మా పుట్టింటి వీధిలో సున్నం కింద నుంచి బయటపడే అక్షరాల్లాంటిదే నా మనసు కూడా.

వద్దని రాయలేదు, వెంటనే. ఎందుకంటే ఆవిడకు ఇంకొక కుతూహలం పట్టుకుంది. ఈ పతకాలు రాజుగారు కూర్చుని ఏరి ఇచ్చేవి కావట. ఎవరో మామూలు మనుషులే, ఫలానా మనిషికి ఇవ్వండి అని రాసి పంపాలట. మరి తన పేరు ఎవరు రాశారు? తన కూతురా అంటే, ఆ పిల్లకు తల్లి పుట్టినరోజు గుర్తుండటమే కష్టం. ఆ ఊళ్లో ఎవరైనా రాశారా? చివరికి ఉండబట్టలేక, తనతో పాటు ఆ వార్డులో పనిచేసిన స్నేహితురాలికి వీడియో కాల్ చేసింది. ఆవిడది బార్బడోస్ దీవి. నవ్వితే ఫోన్ తెర నిండిపోయేది. ఆవిడ మొదట ఏమీ తెలియదంది. తర్వాత నోరు జారింది. తనను కూడా బలపరుస్తూ ఒక ఉత్తరం రాయమన్నారని, రాశానని. అడిగింది ఎవరో చెప్పగానే వదిన ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేసింది. బార్బడోసావిడ గొంతు బల్లలోంచి "హలో, హలో" అంటూనే ఉంది.

పేరు రాసి పంపింది ఆ వార్డు పెద్ద సిస్టర్. ఆమె గురించి నేను పెళ్లయిన కొత్త నుంచీ వింటున్నాను. వదిన ఆ ఆసుపత్రిలో చేరిన తొలి రోజుల్లో, పాకిస్తాన్‌లోని మీర్‌పూర్ నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన ఒక అమ్మాయి నొప్పులతో వచ్చిందట. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. చుట్టూ తెల్ల కోట్లు, ఎవరేమంటున్నారో తెలియక మంచం కడ్డీ పట్టుకుని అరుస్తోంది. వదినకు వచ్చింది హైదరాబాదు హిందీ. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, "ఘబ్రావ్ నక్కో, మైఁ హూఁ" అందట. భయపడకు, నేనున్నాను అని. నక్కో అంటే మన దక్కనీలో వద్దు అని, ఆ మాట ఆ అమ్మాయి ఎప్పుడూ వినలేదు. అంత నొప్పిలోనూ ఆమెకు నవ్వొచ్చిందట. ఆ తర్వాత ఇద్దరూ అదే భాషలో బిడ్డను బయటికి తెచ్చారు. అప్పుడే లోపలికి వచ్చిన పెద్ద సిస్టర్ వదినను బయటికి పిలిచి, ఈ గదిలో ఇంగ్లీషు తప్ప ఇంకో భాష వినపడకూడదని చెప్పింది. రోగితో ఏం మాట్లాడుతున్నావో నాకు తెలియకపోతే నేను బాధ్యత ఎలా తీసుకోవాలంది. వదిన, అయితే ఆ పిల్ల బాధ్యత ఎవరిదని అడిగింది. అంతే. పైవాళ్లకు ఫిర్యాదు వెళ్లింది. వదినను పురుళ్ల గది నుంచి తీసేసి బట్టల గదికి పంపారు. ఆ చలికాలమంతా ఆమె దుప్పట్లు మడిచింది. అన్నయ్యగారు ఉద్యోగం మానెయ్యమన్నారు. ఆవిడ మానలేదు. మళ్లీ వార్డుకి వచ్చాక కూడా ఆ సిస్టర్ కిందే ఏళ్ల తరబడి పనిచేసింది. ఇద్దరి మధ్యా పని మాటలు తప్ప ఇంకో మాట లేదు.

"ఆమె ఎవలే నాకు ఇప్పియ్యనీకి?" అంటూ వదిన రెండు రోజులు ఇల్లంతా తిరిగింది. కిటికీ తెరలన్నీ విప్పి ఉతికింది. బాల్కనీ కడిగింది. మా వారికి ఏమీ తెలియదు కదా, "అక్కకు ఇక్కడి గాలి బాగా పడింది, ఎంత హుషారుగా ఉందో చూడు" అని సంబరపడ్డారు. మూడో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక, నేను గోరుచిక్కుడు గిల్లుతుంటే, వదిన బార్బడోసావిడ పంపిన నంబరుకు ఫోన్ చేసింది. పెద్ద సిస్టర్‌కు ఇప్పుడు తొంభైకి దగ్గర. ముసలివాళ్లను చూసుకునే ఒక ఇంట్లో ఉంటోంది. చెవులు సరిగా వినపడవు. అందుకని వదిన అరవాలి, అటువైపు ఆవిడ కూడా అరుస్తుంది. నేను గదిలోంచి వెళ్లిపోబోతే వదిన కూర్చోమని సైగ చేసింది. అందువల్ల ఆ మాటలు నేను విన్నాను. వాళ్లు ఇంగ్లీషులో అన్నవి నాకు గుర్తున్నంత వరకు ఇవి.

"నా పేరు మీరే రాశారా?" అని అరిచింది వదిన.

"నువ్వింకా నా మీద కోపంగా ఉన్నావా?" అంది అటువైపు గొంతు.

"ఉన్నాను."

"ఇంకా?"

"ఇంకా."

"మంచిది. మర్చిపోయావేమోనని భయపడ్డాను."

వదిన ఫోన్‌ను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకుంది. అది స్పీకర్‌లో ఉన్నదన్న సంగతి మర్చిపోయి. తర్వాత, ఈసారి అంత గట్టిగా కాకుండా, "ఎందుకు రాశారు? నాకే ఒక ఉత్తరం రాయొచ్చు కదా" అంది. అప్పుడు ఆ ముసలావిడ చెప్పింది. "చాలాసార్లు కూర్చున్నాను. నీకు రాద్దామని మొదలుపెడితే ప్రతిసారీ నా గురించే రాస్తున్నాను. నేనెందుకు అలా చేశాను, నా మనసులో ఏముంది, నాకెంత బాధగా ఉంది అని. నాకే అసహ్యం వేసి చింపేసేదాన్ని. ఈ పతకం ఫారంలోనైతే నా గురించి రాయడానికి చోటు లేదు. నువ్వేం చేశావో అదే రాయాలి. మొదటిసారి పూర్తి చేయగలిగాను." ఎవరో నర్సు వచ్చి మందుల వేళయిందన్నట్టుంది, ఫోన్ పెట్టేసింది. క్షమించు అన్న మాట ఆవిడ అనలేదు. ఫర్వాలేదు అన్న మాట ఈవిడా అనలేదు.

వదిన నా పక్కన కూర్చుని గోరుచిక్కుడుకాయలు గిల్లడం మొదలుపెట్టింది. అప్పటికే గిల్లినవి కూడా మళ్లీ గిల్లింది. ఒక్కొక్క కాయా ఆవగింజంతైంది. చివరికి, "సామ్రాజ్యానికైతే వద్దని చెప్పొచ్చే. ఈ ముసల్దానికి ఎట్ల చెప్పాలె?" అంది. నేను నోరు తెరవబోయాను. అది నాతో అన్నది కాదని అప్పుడు గ్రహించాను. ఆవిడ చూస్తున్నది గోడ వైపు. అన్నయ్యగారు ఏమన్నారో నాకు తెలియదు. సాయంత్రానికి వదిన తీసుకుంటానని రాసేసింది. అయితే ఒక షరతు తనకు తనే పెట్టుకుంది. రాజుగారి భవనానికి వెళ్లనని. అక్కడ మోకాలు వంచి నమస్కారం చేయాలట. "తప్పనిసరి కాదట వదినా, ఇష్టమున్నవాళ్లే వంచుతారట" అని నేను ఎక్కడో చదివి చెప్పాను. "నా మోకాలి సంగతి నీకు తెల్వది. మందిని చూసి అదే వంగుతది. మా మామ వంగిన వంగుడు మా ఇంటికి సాలు" అంది. పై దేశాల్లో ఉండేవాళ్లకు రాయబారి చేతుల మీదుగా ఇచ్చే పద్ధతి ఉందని తెలుసుకుని, సగం ఏడాది మస్కట్‌లోనే ఉంటున్నానని రాసి, ఇక్కడికి వేయించుకుంది.

డిసెంబరు చివర జాబితా వచ్చాక మా వారికి తెలిసింది. ముందు నమ్మలేదు. తర్వాత ఏడ్చారు. ఆ తర్వాత నాకు ముందే తెలుసని తెలిసి ఒక పూట అలిగారు. మర్నాటికి అలక తీరి సన్మానం ఏర్పాట్లలో పడ్డారు. అల్ హైల్‌లో ఒక షాపులో ఫ్లెక్సీ కొట్టించారు. అది విప్పి చూస్తే వదిన బొమ్మ పక్కన పెద్దక్షరాలతో ఆమె పేరు, పేరు ముందు 'డేమ్'. ఉత్త మూడక్షరాలు వెనకెక్కడో పెడితే ఎవరికి ఆనుతాయని షాపువాడు సలహా ఇచ్చాడట. వదిన దాన్ని చూసి ఎర్రబడిపోయింది. "ఇది తియ్యకుంటే నేను రాను" అంది. బర్కా తోటలో గ్లాసు కింద పెట్టిన మనిషి మొహం నాకు గుర్తొచ్చింది. మా వారికి ఆ సంగతేమీ తెలియదు. ఎందుకింత రాద్ధాంతమో అర్థం కాక తల గోక్కున్నారు. చివరికి ఆ మాట మీద తెల్ల కాగితం అంటించాం. సన్మానం ఫొటోలన్నిటిలోనూ వదిన కన్నా ఆ తెల్ల కాగితమే ఎక్కువ మెరుస్తుంటుంది. ఆ రోజు ఆవిడకూ ఒక శాలువా పడింది. అది కూడా ఇప్పుడు మా బీరువాలోనే ఉంది.

ఫిబ్రవరి ఆఖరులో ఒక సాయంత్రం రాయబారి ఇంటి తోటలో పతకం ఇచ్చారు. కొద్దిమందే ఉన్నారు. మమ్మల్నిద్దరినీ కాక వదిన టాక్సీ భాయ్‌ని కూడా పిలిచింది. అతను పెళ్లి నాటి కోటు వేసుకుని, బిగుతైన గుండీ పెట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఆడవాళ్లకు పతకం రోజా రంగు రిబ్బను ముడికి వేలాడుతూ ఉంటుంది. దాన్ని తగిలించడానికి ముందుగానే బట్టకు ఒక కొక్కెం గుచ్చుతారు. వదిన కట్టుకున్నది గద్వాల పట్టు. కొక్కెం గుచ్చడానికి వచ్చిన అమ్మాయి పట్టును చూసి భయపడింది. వదిన తనే ఆ పిన్ను తీసుకుని, పైట మడతలన్నీ కలిపి జాకెట్టుకు చేర్చి గుచ్చుకుంది. పురుళ్లు పోసిన చేతులు, ఒక్క క్షణంలో అయిపోయింది. రాయబారి వయసు మా పెద్దబ్బాయి వయసంత. పతకం తగిలించి, ఏమైనా మాట్లాడతారా అని అడిగాడు మర్యాదకి. అందరూ రెండు ముక్కల్లో కృతజ్ఞతలు చెప్పి దిగుతున్నారు. వదిన దిగలేదు. తనను ఎందుకు బట్టల గదికి పంపారో చెప్పింది. కోపంగా కాదు, వార్డులో కొత్తగా చేరిన నర్సుకు వివరించినట్టు చెప్పింది. ఫిర్యాదు చేసిన మనిషే ఈ పతకానికి పేరు పంపిందని కూడా చెప్పింది. ఆ కుర్ర రాయబారి తల వంచుకుని శ్రద్ధగా విన్నాడు. చివర వదిన, "ఆ రోజు నేనన్న మాట ఇదీ" అని, ఆ తోటలో, ఆ వెండి ట్రేల మధ్య, వార్డు మొత్తం వినపడేటంత గొంతుతో, "ఘబ్రావ్ నక్కో, మైఁ హూఁ" అంది.

నా పక్కన ఏదో తెగిన చప్పుడైంది. భాయ్ కోటు గుండీ. "నక్కో అన్నారమ్మా! ఈడ నక్కో అన్నారు!" అంటున్నాడు నా చెవిలో. అతని అమ్మ భాష, అతని కడప వీధి భాష. అతను మస్కట్ వచ్చిన ఇన్నేళ్లలో 'సార్'లు ఉండే చోట ఆ మాట ఎవరూ పలకగా వినలేదట. ఇంటికి వచ్చేదాకా అదే చెప్పుకున్నాడు.

ఆ తర్వాతి శుక్రవారం వదిన పతకాన్ని చేతిసంచీలో వేసుకుని బర్కా వెళ్లింది. తోటలో పెద్దాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. మధ్యలో ఏం రాసుందని అడిగాడు. దేవుడి కోసం, సామ్రాజ్యం కోసం అని రాసుందని వదిన దాచకుండా చెప్పింది. "దేవుడు సరే" అని అతను తిరిగి ఇచ్చేశాడు. ఇచ్చేసి, "అయితే నిన్ను ఏమని పిలవాలె ఇగ?" అన్నాడు. "ఏమని పిలుస్తవు? అక్కనే" అంది వదిన. అతను నవ్వి టీ పెట్టడానికి లేచాడు. పతకం వల్ల వదినకు ఇంకేం ఒరిగిందో నేను చాలా ఆసక్తిగా గమనించాను. ఎయిర్‌పోర్టులో లైను అంతే ఉంది. మందుల షాపులో బిల్లూ అంతే. పేరు వెనక ఆ మూడక్షరాలు ఆవిడ ఒక్క చోట కూడా రాసుకోగా నేను చూడలేదు. కానీ ఏప్రిల్‌లో ఇంగ్లండు వెళ్లాక ప్రతి బుధవారం ఆ ముసలి సిస్టర్ దగ్గరికి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టింది. ఏం మాట్లాడుకుంటారని అడిగితే, ఏమీ లేదే, ఇద్దరం కలిసి టీవీలో గుర్రప్పందేలు చూస్తాం, ఆమెకు నిద్రొస్తది, నేను దుప్పటి కప్పి వస్త అంది. పోయిన ఏడాది ఆవిడ చనిపోయినప్పుడు, వదిన అంత్యక్రియలకు వెళ్లి చర్చిలో చివరి వరుసలో కూర్చుని వచ్చిందట. పతకం పెట్టుకుని వెళ్లారా అని నేనడిగాను. "ఎందుకే? ఆమె ఎరుగని మనిషినా నేను?" అంది.

అక్కకు అంత సన్మానం చేయించి కూడా ఇవాళ బాల్కనీలో మా వారు అడిగిన ప్రశ్నకు నేనింకా సమాధానం చెప్పలేదు. టీ చల్లారిపోయింది, ఆయన ఇంకేదో వార్తలోకి వెళ్లిపోయారు. ఆ బిరుదులకు ఇంకా విలువ ఉందో లేదో నాకు నిజంగా తెలియదు. సామ్రాజ్యాలు కళ్ల ముందే పోవడం మన పెద్దవాళ్లు చూశారు. అందుకు ఒక జీవితకాలం కూడా పట్టలేదు. ఒక మనిషి మనసులోని మాట ఇంకో మనిషికి చేరడానికి మాత్రం ఒక్కోసారి జీవితమంతా పడుతుందని, అయినా ఆ కాలం వృథా పోదని, నేను ఆ చలికాలంలో చూశాను.